క్షేత్ర దృశ్యలేఖనాల పరిరక్షణ: నాణ్యత కోల్పోని ఫైలు రూపమార్పిడి (ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నేపథ్యం)

వ్యాస సంగ్రహం

జానపద విజ్ఞానం, మాండలిక భాష, వృత్తి పదజాలం మొదలైన రంగాలలో పరిశోధన చేసేవారికి వీడియో ఇప్పుడు ప్రధానమైన ఆధారం. ఒక్కో పరికరం ఒక్కో రూపంలో వీడియోను భద్రపరుస్తుంది. కాలక్రమంలో ఆ రూపాలను మార్చుకోవలసి వస్తుంది. ఆ మార్పిడిలో తెలియకుండా జరిగే నాణ్యతా నష్టం పరిశోధనకు ఆధారమైన సమాచారాన్నే చెరిపివేస్తుంది. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతమైన ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలలోని ఉత్సవాలు, గొరవయ్యల కళారూపం, చేనేత వృత్తి ఉదాహరణలుగా, కంటెయినర్‌కూ కోడెక్‌కూ ఉన్న భేదాన్ని, నష్టం లేకుండా రూపం మార్చే పద్ధతిని, మార్చిన ఫైలును సరిచూసుకునే విధానాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: క్షేత్రపర్యటన, దృశ్యలేఖనం, కంటెయినర్, కోడెక్, ఆదోని, ఎమ్మిగనూరు, దేవరగట్టు, చేనేత పదజాలం, డిజిటల్ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో జానపద సాహిత్య పరిశోధన తొలినాళ్లలో పరిశోధకుని చేతిలో ఉన్న పరికరాలు కాగితం, కలం మాత్రమే. కళాకారుడు పాడుతుంటే రాసుకోవడం, రాసుకున్నదాన్ని మళ్లీ చదివి వినిపించి సరిదిద్దుకోవడం అప్పటి పద్ధతి. టేప్‌రికార్డరు వచ్చాక గొంతు నిలిచింది. వీడియో కెమెరా వచ్చాక అభినయం, వాద్యం, వేషం, ప్రేక్షకుల స్పందన కూడా నిలిచాయి. నేడు చేతిఫోను ఉన్న ప్రతి పరిశోధక విద్యార్థీ క్షేత్రంలో దృశ్యలేఖకుడే.

అయితే రాతప్రతికీ వీడియో ఫైలుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. రాతప్రతిని మరొకరు నకలు రాస్తే అక్షరదోషాలు దొర్లవచ్చు. అవి కంటికి కనిపిస్తాయి, పరిష్కర్త వాటిని సవరించగలడు. వీడియో ఫైలును మరో రూపంలోకి మార్చినప్పుడు జరిగే లోపం చాలాసార్లు కంటికి వెంటనే కనిపించదు. రెండు మూడు మార్పిడుల తరువాత బయటపడేసరికి మూలప్రతి మిగిలి ఉండదు. తాళపత్ర పరిష్కరణలో ప్రత్యంతరాలు, పాఠభేదాలు ఎంత ముఖ్యమో తెలిసిన తెలుగు పరిశోధకులకు ఈ సమస్య కొత్తది కాదు. దాని సాంకేతిక రూపం మాత్రమే కొత్తది.

సిద్ధాంతగ్రంథం విశ్వవిద్యాలయానికి చేరుతుంది, శోధగంగలోనూ చోటు చేసుకుంటుంది. దానికి ఆధారమైన దృశ్యాలు మాత్రం సాధారణంగా పరిశోధకుని హార్డ్‌డిస్కులోనో, పాత సీడీలలోనో, మెమరీ కార్డులోనో ఉండిపోతాయి. వాటిని పదేళ్ల తరువాత తెరవగలగాలంటే రూపమార్పిడి తప్పదు. కనుక దాన్ని నష్టం లేకుండా చేయడం పరిశోధన పద్ధతిలో భాగంగా నేర్చుకోవలసిన విషయం.

2. పశ్చిమ కర్నూలు ప్రాంతం: దృశ్యలేఖన అవసరం

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ తరువాత కర్నూలు జిల్లాలో చేరాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా విడిపోయినప్పుడు ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలోనే కొనసాగింది. ఈ చరిత్ర వల్ల ఇక్కడి తెలుగులో కన్నడ పదాలు, ఉచ్చారణలు సహజంగా కలిసిపోయాయి. ఆదోని వంటి పట్టణాలలో ఉర్దూ ప్రభావం కూడా బలంగానే ఉంది. మాండలిక పరిశోధకునికి ఇది సారవంతమైన క్షేత్రం.

హొళగుంద మండలంలోని దేవరగట్టులో దసరా రాత్రి మాళమల్లేశ్వరస్వామి కల్యాణం తరువాత జరిగే బన్ని ఉత్సవం ఈ ప్రాంతంలో ప్రసిద్ధమైనది. ఉత్సవమూర్తుల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాసులు ఒక పక్షంగా, చుట్టుపక్కల గ్రామాలవారు మరో పక్షంగా కర్రలతో తలపడతారు. దివిటీల వెలుగులో, కొండమీద, వేలమంది నడుమ ఇది సాగుతుంది. ఏటా గాయాలు అవుతూనే ఉన్నా ఆచారం ఆగలేదు. తెల్లవారేలోగా బసవన్న గుడి దగ్గర కార్ణికం వినిపిస్తారు. రాబోయే ఏడాది పంటల గురించి, కాలం గురించి చెప్పే ఆ మాటల కోసం రైతులు ఎదురుచూస్తారు. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు జరిగే పిడకల సమరం, కౌతాళం మండలం ఉరుకుందలో శ్రావణమాసపు ఈరన్నస్వామి ఉత్సవాలు, ఎమ్మిగనూరులో జనవరిలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతర కూడా ఈ ప్రాంత సంస్కృతిని తెలిపే ఘట్టాలు.

నల్లకంబళి, ఎలుగుబంటి చర్మంతో చేసిన టోపీ, డమరుకం, పిల్లనగ్రోవి ధరించే గొరవయ్యలు మల్లయ్య సంప్రదాయానికి చెందినవారు. వారి ఆటలో పాట, అడుగు, వాద్యం విడదీయరానివి. పాటను మాత్రమే అక్షరబద్ధం చేస్తే ఆ కళలో సగం కూడా దక్కదు.

ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన పట్టణం. 1938లో మాచాని సోమప్ప చొరవతో ఇక్కడ చేనేతకారుల సహకార సంఘం ఏర్పడింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. పదకోశంలో పదానికి అర్థం దొరుకుతుంది. అయితే పడుగు ఎలా పోస్తారు, అచ్చులో పోగు ఎలా ఎక్కిస్తారు, నాడె ఎలా పరుగెడుతుంది, తెగిన పోగును వేళ్లు ఎలా ముడివేస్తాయి అన్నది చూస్తేనే తెలుస్తుంది. మగ్గం మీద కూర్చునే వారి సంఖ్య తగ్గుతున్న కాలంలో ఆ చేతుల కదలికను చిత్రించిన ప్రతి నిమిషమూ విలువైనదే.

3. కంటెయినర్, కోడెక్: మౌలిక భేదం

వీడియో ఫైలు గురించిన గందరగోళంలో అధికభాగం రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా భావించడం వల్ల వస్తుంది. మొదటిది కోడెక్. కెమెరా చూసిన దృశ్యాన్ని, విన్న శబ్దాన్ని కుదించి అంకెలుగా మార్చే పద్ధతి అది. ఎంపెగ్-2, హెచ్.264, హెచ్.265 దృశ్యానికి సంబంధించినవి. ఏఏసీ, ఏసీ-3, ఎంపీ3 శబ్దానికి సంబంధించినవి. రెండవది కంటెయినర్. కుదించిన దృశ్యప్రవాహాన్ని, శబ్దప్రవాహాన్ని, ఏ చిత్రం ఏ క్షణానిదో తెలిపే కాలసూచికలను, తేదీ మొదలైన వివరాలను ఒకే ఫైలుగా అమర్చే పెట్టె ఇది. ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ, ఏవీఐ అన్నవి కంటెయినర్ల పేర్లు. ఫైలు పేరు చివర కనిపించేది సాధారణంగా కంటెయినర్ పేరే. లోపలి కోడెక్ ఏదో దాన్నిబట్టి నిశ్చయంగా చెప్పలేము.

ఆదోని మార్కెట్టుకు వచ్చే పత్తితో దీన్ని పోల్చవచ్చు. ఒక బోరెంలోని పత్తిని మరో బోరెంలోకి మార్చితే పత్తి మారదు. కంటెయినర్ మార్పిడి అటువంటిది. దీన్ని సాంకేతిక పరిభాషలో రీమక్సింగ్ అంటారు. నేసిన బట్టను పోగులుగా విప్పి, ఆ పోగులతోనే మళ్లీ నేస్తే మొదటి బట్ట రాదు. కొన్ని పోగులు తెగుతాయి, కొన్ని పీచు రేగుతాయి. కోడెక్ మార్పిడి, అంటే ట్రాన్స్‌కోడింగ్, ఇటువంటిది. కుదించిన దృశ్యాన్ని విప్పి, మళ్లీ కుదించాలి. వాడుకలో ఉన్న కోడెక్కులు చాలావరకు కంటికి పట్టవనుకున్న వివరాలను వదిలివేసి పరిమాణాన్ని తగ్గిస్తాయి కనుక, ప్రతి కుదింపులోనూ కొంత శాశ్వతంగా పోతుంది.

రెండు పనులనూ జనం 'కన్వర్ట్ చేయడం' అనే ఒకే మాటతో వ్యవహరిస్తున్నారు. ఉచితంగా దొరికే చాలా సాఫ్ట్‌వేర్లు కూడా ఆ మాటతోనే రెండవ పనిని చేస్తాయి. ఉదాహరణకు హ్యాండ్‌బ్రేక్ మంచి ఉపకరణమే అయినా, అది దృశ్యాన్ని ఎప్పుడూ తిరిగి కుదిస్తుంది. పెట్టె మాత్రమే మార్చాలనుకునేవారు దాన్ని వాడకూడదు.

4. క్షేత్రంలో ఎదురయ్యే ఫైలు రూపాలు

పశ్చిమ కర్నూలు వంటి ప్రాంతంలో గత పాతికేళ్ల దృశ్యాలను సేకరించే పరిశోధకునికి పలు తరాల ఫైళ్లు దొరుకుతాయి. జాతరలు, హరికథలు, నాటకాల వీడియో సీడీలలో డీఏటీ ఫైళ్లు ఉంటాయి. వాటిలోనిది ఎంపెగ్-1 దృశ్యం. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో దాని పరిమాణం 352×288 బిందువులు. వీడియో సీడీలో దృశ్య సమాచారం ఉండే సెక్టార్లకు, సాధారణ డేటా సీడీకి ఉండే అదనపు దోషనివారణ పొర ఉండదు. గీతలు పడిన సీడీ నుంచి దృశ్యాన్ని తిరిగి పొందడం అందువల్లనే కష్టం. సేకరణలో ముందుగా నకలు తీయవలసినవి ఇవే.

డీవీడీలలో వీఓబీ ఫైళ్లు, వాటిలో ఎంపెగ్-2 దృశ్యం ఉంటాయి. మినీడీవీ క్యాసెట్లలో డీవీ కోడెక్ ఉంటుంది. గంట రికార్డింగుకు సుమారు 13 గిగాబైట్లు పడుతుంది. సోనీ, పానాసోనిక్ సంస్థలు 2006లో ప్రవేశపెట్టిన ఏవీసీహెచ్‌డీ పద్ధతి కామ్‌కార్డర్లలో ఎంటీఎస్ ఫైళ్లు వస్తాయి. వాటిలో దృశ్యం హెచ్.264, శబ్దం సాధారణంగా ఏసీ-3. పాత చేతిఫోన్లలో 3జీపీ ఫైళ్లు, నేటి ఫోన్లలో ఎంపీ4 లేదా ఎంఓవీ ఫైళ్లు ఉంటాయి.

మైక్రోసాఫ్ట్ 1992లో తెచ్చిన ఏవీఐ, నేటి కోడెక్కుల కాలసూచికలను సరిగ్గా మోయలేని పాత పెట్టె. ఆపిల్ సంస్థ క్విక్‌టైమ్ నుంచి పుట్టిన ఎంపీ4 దాదాపు ప్రతి పరికరంలోనూ తెరుచుకుంటుంది. 2002లో మొదలైన మట్రోష్కా, అంటే ఎంకేవీ, బహిరంగ ప్రమాణం. దాదాపు ప్రతి కోడెక్‌నూ ఇముడ్చుకోగలదు. 2024లో ఇది ఇంటర్నెట్ ప్రమాణాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 9559గా వెలువడింది. చూడటానికీ, బోధించడానికీ ఎంపీ4. భద్రపరచడానికి ఎంకేవీ అన్నది పరిశోధకునికి అనుకూలమైన విభజన.

5. నష్టం ఎక్కడ జరుగుతుంది?

5.1 చీకటి దృశ్యాలు

కుదింపు పద్ధతులు ప్రతి చిత్రాన్ని చిన్న చిన్న చతురస్రాలుగా విభజించి, పక్క చతురస్రంతోనూ, ముందు చిత్రంతోనూ పోల్చి, తేడాను మాత్రమే నమోదు చేస్తాయి. కదలిక తక్కువగా ఉండి, వెలుగు సమంగా ఉంటే ఈ పని తేలిక. దేవరగట్టు దృశ్యం దీనికి పూర్తిగా విరుద్ధం. చుట్టూ చీకటి, కదిలే దివిటీలు, పొగ, గుంపు, ఊగే కర్రలు. తక్కువ బిట్‌రేటుతో మళ్లీ కుదించినప్పుడు చీకటి భాగాలలోని సూక్ష్మభేదాలు మొదట పోతాయి. చీకటిలో నిలబడినవారి ముఖాలు, చేతులు నల్లని గడులుగా కలిసిపోతాయి. పల్లకీ ఏ వైపు కదిలింది, ఎవరి తరువాత ఎవరు వచ్చారు అన్న క్రమాన్ని పరిశీలించే పరిశోధకునికి ఆ గడులలో ఏమీ మిగలదు.

పరిమాణం లెక్క వేస్తే ఈ ప్రలోభం ఎక్కడిదో అర్థమవుతుంది. సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున చిత్రించిన ఫోను వీడియో గంటకు దాదాపు 7.6 గిగాబైట్లు అవుతుంది. మూడు గంటలకు సుమారు 23 గిగాబైట్లు. దాన్ని సెకనుకు 2 మెగాబిట్లకు కుదిస్తే 2.7 గిగాబైట్లలో సరిపోతుంది. ఫోనులో చోటు మిగులుతుంది, ఉత్సవంలో మాత్రం ఒక భాగం పోతుంది.

5.2 ధ్వని

కార్ణికాన్ని, గొరవయ్యల పాటను అధ్యయనం చేసేవారికి శబ్దమే ప్రధానం. ఊష్మధ్వనుల శక్తి ఎక్కువగా అధిక పౌనఃపున్యాలలో ఉంటుంది. ముఖ్యంగా సకారంలో అది 4000 హెర్ట్జులకు పైన బలంగా కనిపిస్తుంది. పాత ఫోన్ల 3జీపీ ఫైళ్లలో తరచుగా వాడిన ఏఎంఆర్ న్యారోబ్యాండ్ కోడెక్ శబ్దాన్ని సెకనుకు 8000 నమూనాలుగా మాత్రమే గ్రహిస్తుంది. కనుక 4000 హెర్ట్జులకు పైన ఉన్న ధ్వని అందులో ఉండదు. అటువంటి రికార్డింగును ఆధారం చేసుకుని ఒక కళాకారుడు 'శివుడు' అన్నాడా, 'సివుడు' అన్నాడా అని తేల్చడం ప్రమాదకరం. మంచి రికార్డింగును తక్కువ బిట్‌రేటులోకి పదేపదే మార్చినా ఇదే దిశలో నష్టం జరుగుతుంది. పోయిన పౌనఃపున్యాలను ఏ రూపమార్పిడీ తిరిగి తేలేదు.

5.3 వేగవంతమైన కదలిక

మినీడీవీలోనూ, చాలా డీవీడీలలోనూ దృశ్యం ఇంటర్‌లేస్ పద్ధతిలో ఉంటుంది. సెకనుకు 25 పూర్తి చిత్రాలు ఉన్నట్లు కనిపించినా, ఒక్కో చిత్రంలో బేసి వరుసలు ఒక క్షణానివి, సరి వరుసలు మరో క్షణానివి. అంటే నిజానికి సెకనుకు 50 క్షణాలు, 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున నమోదయ్యాయి. కంప్యూటరు తెరమీద కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తున్నాయని దీన్ని 25 చిత్రాలుగా సరిచేస్తే, సగం క్షణాలు పోతాయి. మగ్గం మీద నాడె ఒక అంచు నుంచి మరో అంచుకు 0.2 సెకనులో దాటుతుందనుకుందాం. మూలంలో దాని ప్రయాణం పది స్థానాలలో కనిపిస్తే, సరిచేసిన ప్రతిలో ఐదింటిలోనే కనిపిస్తుంది. కంటికి ఇంపుగా ఉన్న ప్రతిలో నేతగాని చేతి కదలిక సగమే మిగులుతుంది. కనుక భద్రపరిచే ప్రతిలో ఇంటర్‌లేస్‌ను అలాగే ఉంచాలి. చూపించే ప్రతిలో అవసరమైతే 50 క్షణాలనూ 50 చిత్రాలుగా మార్చే పద్ధతిని ఎంచుకోవాలి.

6. నష్టం లేని మార్పిడి: క్రమం

6.1 మూలాన్ని పదిలపరచడం

మెమరీ కార్డులోని ఫైళ్లను, వాటి ఫోల్డర్ల అమరికతో సహా, మొదట యథాతథంగా నకలు తీయాలి. ఫోను నుంచి తీసుకునేటప్పుడు కేబుల్ వాడటం మంచిది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదింపుకు లోనవుతుంది; డాక్యుమెంటుగా పంపితే ఫైలు యథాతథంగా వెళ్తుంది. క్షేత్రంలో స్థానికుల నుంచి దృశ్యాలు సేకరించేటప్పుడు ఈ ఒక్క జాగ్రత్త ఎంతో నష్టాన్ని నివారిస్తుంది. మినీడీవీ క్యాసెట్టును ఫైర్‌వైర్ తీగ ద్వారా కంప్యూటరులోకి తీసుకుంటే టేపుమీది అంకెలు ఉన్నవి ఉన్నట్లు వస్తాయి. పసుపు, ఎరుపు, తెలుపు తీగల ద్వారా తీసుకుంటే దృశ్యం ఒకసారి అనలాగ్‌గా మారి, మళ్లీ అంకెలవుతుంది. అక్కడే నాణ్యత తగ్గుతుంది.

6.2 లోపల ఉన్నదేమిటో తెలుసుకోవడం

మీడియాఇన్ఫో అనే ఉచిత ఉపకరణంలో ఫైలును తెరిస్తే కంటెయినర్, దృశ్య కోడెక్, శబ్ద కోడెక్, బిట్‌రేటు, ఇంటర్‌లేస్ ఉన్నదీ లేనిదీ, శబ్దప్రవాహాలు ఎన్ని అన్న వివరాలు కనిపిస్తాయి. ఈ వివరాలను రూపమార్పిడికి ముందే ఒక టెక్స్ట్ ఫైలుగా దాచుకోవాలి. ఫైలు పేరు చివరి అక్షరాలను చేత్తో మార్చడం రూపమార్పిడి కాదు. అది పెట్టె మీది చీటీని మార్చడం మాత్రమే.

6.3 ప్రవాహాలను నకలు చేయడం

ఫాబ్రిస్ బెలార్డ్ 2000లో ప్రారంభించిన ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ ఈ పనికి మూలాధారమైన ఉచిత ఉపకరణం. దానికి 'సి కాపీ' అనే ఆదేశాన్ని ఇస్తేనే ప్రవాహాలను విప్పకుండా కొత్త పెట్టెలోకి మారుస్తుంది. ఆ ఆదేశం మరిచిపోతే, అడగకుండానే తిరిగి కుదిస్తుంది. ఇంతే ముఖ్యమైనది 'మ్యాప్ సున్నా' అనే ఆదేశం. అది లేకపోతే ఈ ఉపకరణం ఒక దృశ్యప్రవాహాన్ని, ఒక శబ్దప్రవాహాన్ని మాత్రమే ఎంచుకుంటుంది. గొరవయ్య చొక్కాకు పెట్టిన మైకు ఒక ప్రవాహంలో, కెమెరా మైకు మరో ప్రవాహంలో ఉంటే, ఒకటి చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఆదేశాలు టైపు చేయడం ఇష్టపడనివారికి లాస్‌లెస్‌కట్, ఎంకేవీటూల్‌నిక్స్ వంటివి ఇదే పనిని బొత్తాలతో చేస్తాయి.

ఏ పద్ధతి జరిగిందో కాలాన్నిబట్టి గుర్తించవచ్చు. పెట్టె మార్పిడిలో లెక్కలు చేయవలసిన పని లేదు. డిస్కు వేగమే దాని వేగం. గంట నిడివిగల వీడియో కొద్ది సెకన్లలోనో, ఒకటి రెండు నిమిషాలలోనో పూర్తయితే అది నకలు. సాధారణ కంప్యూటరులో చాలాసేపు ఫ్యాను తిరుగుతూ, ఫైలు పరిమాణం బాగా మారిపోతే అది తిరిగి కుదించడమే.

6.4 సరిచూసుకోవడం

మార్పిడి సరిగ్గా జరిగిందని నమ్మితే చాలదు, నిరూపించుకోవాలి. ఫైలులోని సమాచారం మొత్తం నుంచి ఒక గుర్తింపు సంఖ్యను లెక్కించే పద్ధతిని హ్యాష్ అంటారు. ఎండీ5, షా-256 ఇటువంటివి. ఒక్క బిట్టు మారినా ఈ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. మూల ఫైలును ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు నకలు తీసినప్పుడు రెండింటి హ్యాష్ ఒకటిగా ఉండాలి. కంటెయినర్ మార్చినప్పుడు మాత్రం మొత్తం ఫైలు హ్యాష్ తప్పక మారుతుంది. ఎంటీఎస్ నుంచి ఎంపీ4కు మార్చినప్పుడు దృశ్యప్రవాహంలోని ముక్కల సరిహద్దులను సూచించే పద్ధతి కూడా మారుతుంది. అందువల్ల ఇక్కడ పోల్చవలసింది విప్పిన చిత్రాల హ్యాష్‌లను. ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్‌లోని ఫ్రేమ్ఎండీ5 సదుపాయం ప్రతి చిత్రానికీ ఒక హ్యాష్ ఇస్తుంది. రెండు ఫైళ్ల జాబితాలలో హ్యాష్‌లు ఒకే వరుసలో ఉంటే ఒక్క బిందువు కూడా మారలేదని అర్థం. తరువాత వీడియో ఆదిలో, మధ్యలో, చివర డమరుకం మీద దెబ్బ పడే క్షణం చూసి, శబ్దం దృశ్యంతో కలుస్తున్నదో లేదో కంటితో, చెవితో కూడా పరిశీలించాలి.

హ్యాష్‌కు చట్టపరమైన ప్రాముఖ్యం కూడా ఏర్పడింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో సమర్పించే ధ్రువపత్రంలో హ్యాష్ విలువను పేర్కొనాలి. గాయాలు, వివాదాలు జరిగే ఉత్సవాలను చిత్రించేవారు మూల ఫైలును, దాని హ్యాష్‌ను విడిగా భద్రపరచడం వివేకం.

7. ఆచరణలో ఎదురయ్యే చిక్కులు

7.1 కొత్త పెట్టెలో ఇమడని ప్రవాహం: ఎంటీఎస్ ఫైలును ఎంపీ4గా మార్చినప్పుడు ఏసీ-3 శబ్దం కొన్ని పరికరాలలో వినిపించదు. శబ్దం పోయిందని కంగారుపడి మొత్తం ఫైలును తిరిగి కుదించడం పొరపాటు. భద్రపరిచే ప్రతిని ఎంకేవీలో అన్ని ప్రవాహాలతో ఉంచి, చూపించే ప్రతిలో దృశ్యాన్ని నకలు చేస్తూ శబ్దాన్ని మాత్రమే ఏఏసీలోకి మార్చవచ్చు.

7.2 తేదీ కోల్పోవడం: కొన్ని కామ్‌కార్డర్లు చిత్రించిన తేదీ, సమయాలను ఉపశీర్షికల ప్రవాహంగా రాస్తాయి. ఎంపీ4 ఆ రకం ఉపశీర్షికలను స్వీకరించదు, ఎంకేవీ స్వీకరిస్తుంది. ఏ సంవత్సరపు జాతరో తెలియని వీడియో పరిశోధనలో సగం విలువనే నిలుపుకుంటుంది.

7.3 ముక్కలైన ఫైళ్లు: డీవీడీలో వీఓబీ ఫైళ్లు 1 గిగాబైటు దగ్గర, ఎఫ్ఏటీ32 పద్ధతి కార్డులలో ఫైళ్లు 4 గిగాబైట్లకు మించకుండా తెగుతాయి. ఇవి స్వతంత్రమైన ఫైళ్లు కావు, ఒకే ప్రవాహపు ముక్కలు. ఒక్కోదాన్ని విడిగా మార్చి తరువాత అతికిస్తే అతుకు దగ్గర శబ్దం తొట్రుపడవచ్చు. పాట చరణం మధ్యలో తెగవచ్చు. ముందు ముక్కలను వరుసక్రమంలో కలిపి, తరువాత పెట్టె మార్చడం సరైన క్రమం.

7.4 కోత: తిరిగి కుదించకుండా వీడియోను ఎక్కడపడితే అక్కడ కోయలేము. కోడెక్ కొన్ని చిత్రాలను మాత్రమే సంపూర్ణంగా రాసి, మిగిలినవాటిని వాటితో ఉన్న తేడాలుగా రాస్తుంది. సంపూర్ణ చిత్రాన్ని కీఫ్రేమ్ అంటారు. అర సెకను నుంచి కొన్ని సెకన్ల ఎడంలో ఇవి వస్తాయి. కోత కీఫ్రేమ్ దగ్గరే మొదలుకావాలి. పాటకు ముందు రెండు సెకన్లు అదనంగా ఉంచుకోవడం వల్ల నష్టమేమీ లేదు.

7.5 మార్పిడి తప్పని సందర్భం: కోడెక్ మరీ పాతదై నేటి ఉపకరణాలు తెరవలేని స్థితి వస్తే తిరిగి కుదించక తప్పదు. అప్పుడు నష్టం లేని కోడెక్‌ను ఎంచుకోవాలి. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9043గా వెలువడిన ఎఫ్‌ఎఫ్‌వీ1 అటువంటిది. ప్రపంచవ్యాప్తంగా గ్రంథాలయాలు, దృశ్యశ్రవణ భాండాగారాలు దీన్ని ఎంకేవీలో ఉంచి వాడుతున్నాయి. ఫైలు పరిమాణం బాగా పెరుగుతుంది. అయినా ఆ ప్రతి మూలానికి సమానం.

8. భాషాధ్యయనంలో వినియోగం

నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ భాషామనోవిజ్ఞాన సంస్థ రూపొందించిన ఎలాన్ సాఫ్ట్‌వేరులో వీడియోను చూస్తూ, ప్రతి పలుకుకూ ఎదురుగా లిప్యంతరీకరణ, అర్థం, అభినయ వివరణ వేర్వేరు వరుసలలో రాసుకోవచ్చు. ఈ రాతలన్నీ కాలసూచికలతో ముడిపడి ఉంటాయి. లిప్యంతరీకరణ సగంలో ఉండగా వీడియోను మరో రూపంలోకి మార్చితే, కాలసూచికలు కొద్దిగా జరిగినా రాసుకున్నదంతా పక్కకు పోతుంది. ఫోన్లు వెలుతురునుబట్టి సెకనుకు తీసే చిత్రాల సంఖ్యను మారుస్తూ ఉంటాయి కనుక ఫోను వీడియోలలో ఈ ప్రమాదం ఎక్కువ. రూపమార్పిడి, సరిచూడటం పూర్తయిన తరువాతే లిప్యంతరీకరణ మొదలుపెట్టాలి.

ధ్వని విశ్లేషణకు వాడే ప్రాట్ వంటి ఉపకరణం కోసం వీడియో నుంచి శబ్దాన్ని వేవ్ ఫైలుగా తీస్తారు. ఏఏసీ శబ్దాన్ని వేవ్‌గా విప్పినప్పుడు కొత్త నష్టం ఉండదు. అయితే పెద్దదైన ఆ ఫైలును చూసి నాణ్యత పెరిగిందని భావించకూడదు. సిద్ధాంతగ్రంథంలో రికార్డింగు పరికరం, మూల కోడెక్, శబ్ద నమూనాల సంఖ్య, జరిగిన మార్పిడులు పేర్కొనడం పాఠపరిష్కర్త ప్రతుల వివరణ ఇవ్వడం వంటిదే. దానివల్ల తరువాతి పరిశోధకుడు ఆ ఆధారాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకుంటాడు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ఫైలు రూపం మారడం వేరు, దృశ్యం మారడం వేరు. కంటెయినర్ మార్పిడిలో నాణ్యతా నష్టం లేదు. కోడెక్ మార్పిడిలో, నష్టం లేని కోడెక్ వాడితే తప్ప, నష్టం అనివార్యం.

2. నష్టం అన్ని దృశ్యాలలో ఒకేలా ఉండదు. దేవరగట్టు రాత్రిలో చీకటిని, కార్ణికంలో ఊష్మధ్వనులను, ఎమ్మిగనూరు మగ్గంలో నాడె వేగాన్ని అది ముందుగా తాకుతుంది. పరిశోధకునికి కావలసిన అంశాలు సరిగ్గా అవే.

3. మూల ఫైలును ఎన్నడూ తొలగించకూడదు. భద్రపరిచే ప్రతి, చూపించే ప్రతి వేర్వేరుగా ఉండాలి. కనీసం మూడు నకళ్లు, రెండు రకాల సాధనాలమీద, ఒకటి వేరే ఊరిలో ఉండటం శ్రేయస్కరం.

4. ప్రతి మార్పిడికీ తేదీ, వాడిన ఉపకరణం, ఇచ్చిన ఆదేశం, హ్యాష్ విలువలతో ఒక చిట్టా రాసి ఫైలుతోపాటు ఉంచాలి.

5. తెలుగు శాఖలు పరిశోధన పద్ధతుల పాఠ్యక్రమంలో లిఖితప్రతుల పరిష్కరణతో పాటు దృశ్యప్రతుల పరిరక్షణను కూడా చేర్చడం అవసరం. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. వ్యాసంలో పేర్కొన్న రూపమార్పిడి, విశ్లేషణ ఉపకరణాలన్నీ ఉచితంగా లభించేవే.

వర్షాలు లేని ఏడాది ఈ ప్రాంతపు పల్లెల నుంచి కుటుంబాలు పనులు వెతుక్కుంటూ వలసపోతాయి. పాట తెలిసినవారు, మగ్గం తెలిసినవారు వారిలో ఉంటారు. వారు మళ్లీ అదే చోట, అదే పాటను, అదే విధంగా వినిపిస్తారన్న హామీ లేదు. ఒకసారి చిత్రించిన దృశ్యాన్ని చిత్రించినది చిత్రించినట్లుగా నిలుపుకోవడం మాత్రం పరిశోధకుని చేతిలో ఉంది.